మన వాళ్ల కథలు వాళ్ల నోటితోనే: ఆడియోనా, ఫోటోలా, వీడియోనా, రాతా?

ఊళ్లో గ్రంథాలయం నడుపుతున్న కుర్రాళ్లు, పొదుపు సంఘాల లీడర్లు, రిటైరైన టీచర్లు, డాలస్‌లోనో దుబాయ్‌లోనో తెలుగు సంఘం పనులు చూసేవాళ్లు... ఈ మధ్య వీళ్లందరి దగ్గరా ఒకటే మాట వింటున్నాను. "మా దగ్గర చెప్పుకోవాల్సిన జీవితాలు చాలా ఉన్నాయి, వాళ్లంతట వాళ్లే చెప్పుకునేలా ఏదైనా చేద్దామనుకుంటున్నాం, ఏ కెమెరా కొనమంటారు?" కెమెరా సంగతి తర్వాత. అసలు వీడియో కావాలా, ఒట్టి గొంతు చాలా, పాత ఫోటోల మీద గొంతు పెడితే బాగుంటుందా, రాసి పెట్టడమే మంచిదా అన్నది ముందు తేలితే కొనాల్సింది చాలా వరకు తగ్గిపోతుంది. ఎక్కువమందికి చేతిలో ఉన్న ఫోనే సరిపోతుంది.

ఇక్కడ నేను మాట్లాడేది సొంత కథల గురించి. ఒక మనిషి, తన జీవితంలోని ఒక ముక్క, తన మాటల్లో. ఏది ఉంచాలో ఏది తీసేయాలో చెప్పే హక్కు కూడా ఆ మనిషిదే. పథకాల వల్ల బాగుపడినవాళ్ల విజయగాథలు, లోకల్ న్యూస్ బైట్లు, సన్మాన వీడియోలు వేరే పనులు, వాటికి ఈ లెక్కలు పనికిరావు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కువమందికి ఫోటోలు, గొంతు కలిపి చేసే రెండు మూడు నిమిషాల ముక్క బాగా కుదురుతుంది. గొంతు ఒక్కటే అయితే ఇంకా తేలిక, ఇంకా భద్రం. వీడియో ఆఖరున. వీడియోకి వ్యూస్ ఎక్కువ వస్తాయి, నిజమే, కానీ ఆ తర్వాత అదే ఊళ్లో బతకాల్సింది కథ చెప్పిన మనిషి, మనం కాదు.

## ముందు తేల్చుకోవాల్సినవి

ముఖం కనపడొచ్చా? మొదటి ప్రశ్న ఇదే. జగిత్యాల వైపో నిజామాబాద్ వైపో గల్ఫ్‌కి వెళ్లిన భర్త గురించి ఒక ఆవిడ మాట్లాడుతోందనుకోండి. అప్పు ఎవరి దగ్గర తెచ్చారో, ఏజెంటు ఎంత తీసుకున్నాడో, అత్తగారింట్లో రోజులు ఎలా గడుస్తున్నాయో అన్నీ వస్తాయి. రేపు ఆ వీడియో అదే ఊరి వాట్సాప్ గ్రూపులో తిరిగితే, బోరింగు దగ్గర, కిరాణా కొట్టు దగ్గర ఆవిడకి ఎదురయ్యే మాటలు మన దాకా రావు. గొంతుని కూడా తెలిసినవాళ్లు గుర్తుపడతారు, కాదనను, కానీ పక్క మండలంవాళ్లకి ఆ గొంతు ఎవరిదో తెలియదు. ముఖం సంగతి అలా ఉండదు, ఒక్క స్క్రీన్‌షాట్ చాలు.

పగ్గాలు ఎవరి చేతిలో ఉంటాయి? తయారైన ముక్కని చెప్పిన మనిషి ఎవరి సాయం లేకుండా విని లేదా చూసి, "ఇక్కడ ఈ మాట తీసెయ్యండి" అనగలగాలి. ఇంకో అడుగు ముందుకు వెళ్తే, తానే తీసెయ్యగలగాలి. ఏ పద్ధతిలో ఇది ఎంత వీలవుతుందో చూసుకోండి. చదువు రాని పెద్దావిడ కథని మీరు వ్యాసంగా రాస్తే, అందులో ఏముందో ఆవిడ మిమ్మల్ని నమ్మాల్సిందే తప్ప సరిచూసుకోలేదు.

వెనక్కి తీసుకోవచ్చా? ఈ ప్రశ్న దాదాపు ఎవరూ వేసుకోరు. ఈ రోజు సంతోషంగా చెప్పిన అమ్మాయికి వచ్చే ఏడాది పెళ్లి సంబంధం రావచ్చు, ఉద్యోగం రావచ్చు, మనసు మారొచ్చు. యూట్యూబ్‌లో పెట్టింది మీ ఛానెల్ నుంచి తీసేయగలరు కానీ ఎవరో డౌన్‌లోడ్ చేసి రీల్‌గా కట్ చేసుకున్నది తీసేయలేరు. 'అన్‌లిస్టెడ్' పెట్టాం కదా అంటారు కొందరు. అన్‌లిస్టెడ్ అంటే వెతికితే దొరకదు అంతే, లింకు ఉన్న ప్రతివాళ్లూ చూడొచ్చు, ఇంకొకరికి పంపొచ్చు. కాబట్టి బయట పెట్టే ముందే, ఇది ఎప్పటికీ తిరుగుతూ ఉంటే ఫర్వాలేదా అని ఆలోచించుకోవాలి.

ఇక మిగిలినవి టైమ్, ఎవరు వినాలి, ఎంతకాలం నిలవాలి. నా అనుభవంలో గంట సేపు మాట్లాడినదాన్ని పది నిమిషాలకి దించడానికి ఆడియోలో ఒక సాయంత్రం పడుతుంది, వీడియోలో రెండు మూడు రోజులు పోతాయి, అదీ ఎడిటింగ్ వచ్చినవాళ్లకి. ఎవరు వినాలన్నది కూడా ముందే అనుకోండి. మనవళ్ల కోసం చేసేది, ఊరి కోసం చేసేది, లోకమంతటి కోసం చేసేది ఒకేలా ఉండవు.

| | ఆడియో | ఫోటోలు + గొంతు | వీడియో | రాత + ఫోటో |
|---|---|---|---|---|
| ముఖం దాచుకోవచ్చా | సులువుగా | ఏ ఫోటోలు పెడతారన్నదాన్ని బట్టి | కష్టం | దాచొచ్చు, పేరూ మార్చొచ్చు |
| చదువు రానివాళ్లు సరిచూసుకోగలరా | విని చెప్పగలరు | విని, చూసి చెప్పగలరు | చూడగలరు, కటింగ్ మాత్రం వేరేవాళ్ల చేతిలో | ఎవరైనా చదివి వినిపించాలి |
| నేర్చుకోవడానికి | ఒక పూట | రెండు మూడు ఆదివారాలు | నెలలు | రాయగల మనిషి దొరకాలి |
| గంట రికార్డింగుకి పట్టే చోటు | 60 ఎంబీ దాకా | ఫోటోలతో కలిపి 200 ఎంబీ లోపే | ఫోన్‌ని బట్టి 4 నుంచి 8 జీబీ | లెక్కలోకి రాదు |
| బాగా కుదిరేది | పెద్దవాళ్లు, పాటలు, లిపి లేని భాషలు, బయటపడలేని విషయాలు | కుటుంబం, వలస, పోయినవాళ్ల జ్ఞాపకాలు | చేతిపని, వంట, వ్యవసాయం, ఆట | పేరు బయటికి రాకూడనివి, లెక్కలూ కాగితాలూ ఉన్నవి |

## గొంతు ఒక్కటే

ఇది తక్కువ రకం అనుకునేవాళ్లకి జహీరాబాద్ దగ్గరి మాచ్‌నూర్ సంగతి చెప్పాలి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని దళిత మహిళలు అక్కడ సంగం రేడియో నడుపుతున్నారు. 2006లో ప్రభుత్వం స్వచ్ఛంద సంస్థలకి కూడా కమ్యూనిటీ రేడియో పెట్టుకునే వీలు కల్పించింది, 2008 అక్టోబర్ 15న వీళ్ల ప్రసారాలు మొదలయ్యాయి. నాకు బాగా నచ్చేది ఆ ముందు సంగతి. లైసెన్సు రాకముందు ఏళ్ల తరబడి వాళ్లు విత్తనాల గురించి, పండగల గురించి, పాటలూ మాటలూ రికార్డు చేసి పెట్టుకుని, క్యాసెట్ల మీద సంఘాల్లో వినిపించుకున్నారు. బయటి ప్రపంచానికి చేరేదాకా ఆగలేదు. ఇవాళ మనకి ఒక బ్లూటూత్ స్పీకరు చాలు, శనివారం సాయంత్రం సంఘం మీటింగు అయ్యాక నాలుగు ముక్కలు వినిపిస్తే అదే ప్రసారం.

న్యూయార్క్‌లో 2003లో మొదలైన స్టోరీకోర్ ఇంకో సంగతి నేర్పుతుంది. అక్కడ ఒకరికొకరు బాగా తెలిసిన ఇద్దరిని గదిలో కూర్చోబెట్టి నలభై నిమిషాలు మాట్లాడుకోనిస్తారు, వాళ్లు ఒప్పుకుంటే ఒక కాపీ అమెరికా పార్లమెంటు గ్రంథాలయానికి వెళ్తుంది. ప్రశ్నలు అడిగేది బయటి విలేకరి కాదు, కూతురో తమ్ముడో స్నేహితుడో. మన దగ్గర ఇది ఇంకా బాగా పని చేస్తుంది. మీరు వెళ్లి "అమ్మా, మీ జీవితం గురించి చెప్పండి" అంటే "ఏముంది నాయనా చెప్పడానికి" అంటారు. అదే మనవరాలు పక్కన కూర్చుని "నానమ్మా, నువ్వు బావిలో ఈత నేర్చుకున్నావంట కదా" అంటే ఆపడం కష్టం.

రికార్డింగ్ విషయంలో డబ్బు కంటే శ్రద్ధ ముఖ్యం. ఫ్యాను ఆపేయండి, ఫ్రిజ్ ఉన్న గది వద్దు. ఖాళీ హాల్లో గొంతు మోగుతుంది, పరుపులూ దుప్పట్లూ బట్టలూ ఉన్న చిన్న గదిలో బాగా వస్తుంది. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, చెప్పేవాళ్ల నోటికి జానెడు, జానెడున్నర దూరంలో దిండు మీద ఉంచండి. వెయ్యి రూపాయల లోపు దొరికే కాలర్ మైక్ కొంటే పైట అంచుకి పిన్నుతో పెట్టండి, కానీ మంగళసూత్రమో గొలుసో దానికి తగులుతోందేమో చూడండి, లేకపోతే గంట మాటంతా గలగల చప్పుడే వినిపిస్తుంది, ఏ యాప్‌తోనూ పోదు. గాజుల చప్పుడు మాత్రం కొంచెం ఉంటే ఉండనివ్వండి, అది ఆ మనిషిదే.

ఆడియోకి లోటు ఏమిటంటే బయటివాళ్లు అంత తేలిగ్గా వినరు. ఫోన్‌లో బొమ్మ కదలకపోతే వేలు పైకి జరిపేస్తారు. ఇంటివాళ్ల కోసం, ఊరి కోసం, దాచుకోవడం కోసం అయితే ఇదే మొదటి ఎంపిక. కొత్తవాళ్లకి చేరాలంటే మాత్రం కంటికి కూడా ఏదో ఒకటి ఇవ్వాలి.

## ఫోటోలు, వాటి మీద గొంతు

ఈ పద్ధతికి డిజిటల్ స్టోరీటెల్లింగ్ అని పేరు. 1994లో శాన్ ఫ్రాన్సిస్కోలో జో లాంబర్ట్, డేనా యాచ్లీ, నీనా మల్లెన్ మొదలుపెట్టారు, ఇప్పుడు ఆ సంస్థని స్టోరీసెంటర్ అంటున్నారు. మూడు రోజుల వర్క్‌షాప్, అందులో కొద్దిమంది గుండ్రంగా కూర్చుని ఒకరి కథ ఒకరు వినడం, దాన్ని రెండు మూడు నిమిషాలకి కుదించడం, సొంత గొంతుతో చదివి రికార్డు చేయడం, సొంత ఆల్బమ్‌లోని ఫోటోలు పేర్చడం, చివరి రోజు అందరూ కలిసి చూడటం. ఎడిటింగ్ కూడా చెప్పేవాళ్లే చేస్తారు, పక్కన ఒకరు సాయం ఉంటారు. బీబీసీ వాళ్లు 2001 నుంచి 2008 దాకా వేల్స్‌లో ఊరూరూ తిరిగి 'క్యాప్చర్ వేల్స్' పేరుతో చేసింది కూడా ఇదే పద్ధతి.

నేను దీని వైపు మొగ్గడానికి కారణం ఆ గుండ్రంగా కూర్చోవడమే. మిగతా పద్ధతుల్లో ఒకరు అడుగుతారు, ఒకరు చెబుతారు. ఇక్కడ అందరూ చెబుతారు, అందరూ వింటారు. కథకి ఏది అవసరమో చెప్పే మనిషికే తోస్తుంది, ఎదుటివాళ్లు ఎక్కడ ముందుకి వంగి విన్నారో కళ్లముందే కనిపిస్తుంది కదా.

మన దగ్గర మూడు రోజులు వరసగా పనులు మానుకోమంటే ఎవరూ రాలేరు, కాబట్టి మూడు ఆదివారాలు పెట్టుకోండి. ఆరుగురు, ఎనిమిది మంది, అంతకి మించి వద్దు. మొదటి ఆదివారం ఒక్కొక్కరూ ఒక ఫోటోనో వస్తువునో తెచ్చుకోవాలి. చాలా ఇళ్లలో అందరూ కలిసి ఉన్న ఫోటో అంటే పాత తెల్ల రేషన్ కార్డు మీద ఉన్నదే. ఒక బస్తీలో ఒక ఆవిడ అదే తెచ్చింది. ఫోటో గురించి చెప్పమంటే "ఇది మా ఆయన, వీళ్లు పిల్లలు" అని ఆగిపోయింది. పక్కనున్న ఆవిడ "ఆ రోజు ఏం కట్టుకుని వెళ్లారు?" అని అడిగింది. అప్పుడు మొదలైంది. ఆయన వేసుకున్న చొక్కా తమ్ముడిదంట, మంచి చొక్కా లేక అడిగి తెచ్చుకున్నాడంట, లైన్లో మధ్యాహ్నం దాకా నిలబడేసరికి ఆ రోజు కూలి పోయిందంట, చిన్నవాడు సరిగ్గా ఫోటో తీసేటప్పుడు నిద్రపోయాడంట. ఆయన ఇప్పుడు లేడు. కథ మొత్తం ఆ చొక్కా చుట్టూనే వచ్చింది, రెండున్నర నిమిషాలు. "మీ కష్టాలు చెప్పండి" అని అడిగి ఉంటే ఇది వచ్చేది కాదు. అందుకే ప్రశ్నలు చిన్నవి అడగండి: ఏం వండారు, ఎవరు తలుపు తీశారు, చేతిలో ఎంత డబ్బుంది.

రెండో ఆదివారం మాట కుదించడం, రికార్డింగ్. స్టోరీసెంటర్ పద్ధతిలో ఇంగ్లీషులో 250 నుంచి 375 మాటల స్క్రిప్టు రాస్తారు. మనకి మాటల లెక్క కంటే ఫోన్‌లోని స్టాప్‌వాచ్ నయం. రాయడం రానివాళ్లని రాయమనకండి. ఒకసారి చెప్పించి, వాళ్లకే వినిపించి, "ఇందులో ఏది లేకపోయినా ఫర్వాలేదు?" అని అడిగి మళ్లీ చెప్పించండి. మూడోసారికి దానంతటదే చిక్కబడుతుంది. రాసుకున్నది చూసి చదివేవాళ్లకి పాఠం అప్పగించినట్టు వస్తే కాగితం పక్కన పెట్టించండి.

మూడో ఆదివారం ఫోటోలు పేర్చడం. పది పన్నెండు ఫోటోలు చాలు, ఒక్కోసారి నాలుగే చాలు. పాత ఫోటోలని ఫోన్‌తో తీసేటప్పుడు ఫ్లాష్ వద్దు, కిటికీ పక్కన నీడలో, ఆల్బమ్ ప్లాస్టిక్ కవరు తీసి, ఫోన్‌ని ఫోటోకి సమాంతరంగా పట్టుకుని తీయండి. రేషన్ కార్డు, ఆధార్, పాస్‌పోర్టు లాంటివి వాడితే నంబర్లు కనపడకుండా కత్తిరించండి, ఇది మర్చిపోవద్దు. ఫోటోలో ఉన్న మిగతావాళ్ల సంగతీ చూడాలి. విడిపోయిన భర్త, వేరే ఇంటి ఆడపిల్ల, చిన్నపిల్లలు ఉంటే ఆ ఫోటో మార్చడమో, ఆ భాగం కత్తిరించడమో చేయాలి. కైన్‌మాస్టర్, ఇన్‌షాట్ లాంటి యాప్‌లు ఈ పనికి సరిపోతాయి. తెర మీద తెలుగు అక్షరాలు వేసేటప్పుడు మాత్రం కొన్ని యాప్‌లలో, కొన్ని ఫాంట్లలో వత్తులు చెదిరిపోతాయి, పూర్తి చేసేముందు ఒకసారి చదువుకోండి.

వెనకాల సినిమా పాట పెట్టొద్దు. కాపీరైట్ గొడవ ఒకటైతే, ఏడుపు తెప్పించే సంగీతం ఆ మనిషి మాటని మింగేయడం ఇంకొకటి.

దీని లోటు కూడా చెప్పాలి. ఇది నడిపించే మనిషి మీద చాలా ఆధారపడుతుంది. గుండ్రంగా కూర్చున్నప్పుడు ఒకరు ఏడుస్తారు, ఒకరు ఎన్నడూ ఎవరికీ చెప్పనిది చెప్పేస్తారు. అక్కడ విన్నది అక్కడే ఉండాలని మొదట్లోనే అందరి చేతా ఒప్పించకపోతే, రికార్డింగు కంటే ముందే కథ ఊళ్లోకి పాకుతుంది.

## వీడియో

వీడియోని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. మాటల్లో చెప్పలేనివి కొన్ని ఉంటాయి, అక్కడ ఇదే కావాలి. పోచంపల్లిలో నేత కుటుంబంలోని ఒక స్త్రీ తన భుజం నొప్పి గురించి చెబుతుంటే వింటాం, కానీ ఆసు పోసేటప్పుడు, అంటే నూలుని మేకుల చుట్టూ తిప్పి చుట్టేటప్పుడు, ఆ చెయ్యి అటూ ఇటూ ఎన్నిసార్లు తిరుగుతుందో కళ్లతో చూస్తేనే అర్థమవుతుంది. రంగు వేసేముందు దారాలకి ముడులేసే చిటికి కట్టడం, గుంట మగ్గంలో కాళ్ల కదలిక, నాడె విసరడం, వీటిని ఎవరైనా మాటల్లో ఎంతకని చెబుతారు?

పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్ల కమ్యూనిటీ మీడియా ట్రస్టు ఉంది. బడికి వెళ్లని రైతు మహిళలు అక్కడ కెమెరా నేర్చుకుని తమ పొలాల గురించి, విత్తనాల గురించి సినిమాలు తీశారు. కెమెరా ఎత్తు గురించి వాళ్లు చెప్పింది ఏ ఫిల్మ్ స్కూలు పాఠం కంటే తేలిగ్గా గుర్తుంటుంది. పటేలు కూలీని చూసినట్టు పైనుంచి కిందికి తీస్తే అది పటేల్ షాట్. సంఘంలో అందరూ సమానంగా కూర్చున్నట్టు కళ్ల ఎత్తులో తీస్తే అది సంఘం షాట్. మీరు తీసేదంతా సంఘం షాటే కావాలి. చెప్పేవాళ్లు నేల మీద కూర్చుంటే మీరూ నేల మీదే కూర్చోండి, నిలబడి తీయకండి. మిగతా మెళకువలు రెండే: ఫోన్ స్టాండు మీద పెట్టడం, జూమ్ చేయకుండా ఒక్కో షాటు పది సెకన్లు కదలకుండా ఉంచడం.

అయితే ఈ మహిళలు ఏళ్ల తరబడి నేర్చుకుని చేశారు. రెండు వారాల్లో దసరాకి ఏదో ఒకటి చూపించాలనుకునే యూత్ క్లబ్బుకి అది వీలు కాదు. తీయడం తేలికే, ఎడిటింగ్ దగ్గర ఆగిపోతుంది. ఎడిటింగ్ వచ్చిన ఒక్క కుర్రాడి చేతిలోకి అందరి కథలూ వెళ్లిపోతాయి, ఏది ఉంచాలో వాడే నిర్ణయిస్తాడు, వాడికి పరీక్షలు వస్తే పని నాలుగు నెలలు ఆగిపోతుంది. ఇలా హార్డ్ డిస్కుల్లో పడి ఉన్న ఊరి కథలు చాలా చూశాను, ఒక్కోసారి చెప్పిన పెద్దాయన పోయాక కూడా అవి అలాగే ఉంటాయి.

మధ్యేమార్గం ఒకటుంది, వీడియో కావాలని పట్టుబట్టేవాళ్లకి నేను ఇదే చెబుతాను. గొంతు వేరుగా, ప్రశాంతంగా, ఆడియోలో రికార్డు చేయండి. తర్వాత చేతులు, పనిముట్లు, ఇల్లు, దారి మాత్రం వీడియో తీసి ఆ గొంతు కింద పరచండి. ముఖం అక్కర్లేదు, పెదవులతో మాట కలపాల్సిన పని లేదు, ఎడిటింగ్ సగానికి సగం తగ్గుతుంది.

## రాసి పెట్టడం

పి. సాయినాథ్ 2014 డిసెంబర్‌లో మొదలుపెట్టిన పీపుల్స్ ఆర్కైవ్ ఆఫ్ రూరల్ ఇండియా అనే వెబ్‌సైటు చూడండి, తెలుగులోనూ చదవొచ్చు. మామూలు మనుషుల రోజువారీ బతుకుని ఫోటోలతో, వివరాలతో ఎంత ఓపికగా రాయొచ్చో తెలుస్తుంది. కోర్టు కాగితాలు, భూమి పాసు పుస్తకాలు, అప్పు లెక్కలు ఉన్న కథలకి రాతే కుదురుతుంది. పేరు మార్చి, ఊరు మార్చి చెప్పాల్సిన వాటికీ అంతే. వెతికితే దొరుకుతుంది, నెట్ సరిగ్గా లేనిచోట కూడా తెరుచుకుంటుంది.

కానీ అక్కడ రాసింది విలేకరులు, మనం మాట్లాడుతున్నది సొంత కథలు. మీరు రాసిన క్షణం నుంచి అది కొంత మీ కథ అవుతుంది. 'గిట్లెందుకైంది బిడ్డా' అన్న మాటని 'ఇలా ఎందుకు జరిగింది' అని దిద్దేస్తే ఆ మనిషి పోయినట్టే. శ్రీకాకుళం యాసైనా, రాయలసీమ మాటైనా, పాలమూరు మాటైనా చెప్పినట్టే ఉంచండి. పూర్తయ్యాక వాళ్ల ఎదురుగా కూర్చుని పెద్దగా చదివి వినిపించండి, మొత్తం, ఒక్క వాక్యం కూడా దాటేయకుండా. ఎక్కడ నొసలు ముడిపడితే అక్కడ ఆగండి.

ఇవి కాక వాట్సాప్ గ్రూపులో వాయిస్ నోట్లు పంపించమనే పద్ధతి ఉంది. మొదలుపెట్టడానికి మంచిది, కథలు పోగవుతాయి, కానీ ఎవరు ఎక్కడికి ఫార్వర్డ్ చేస్తున్నారో అదుపు ఉండదు, కాబట్టి గ్రూపులో కాకుండా ఒక్క నంబరుకి పంపించుకోండి. స్మార్ట్‌ఫోన్ లేనిచోట 2010లో మొదలైన సీజీనెట్ స్వర దారి చూపించింది. మామూలు ఫోన్ నుంచి ఒక నంబరుకి చేసి హిందీలో, గోండిలో మాట్లాడితే రికార్డవుతుంది, సరిచూశాక మిగతావాళ్లు ఫోన్ చేసి వినొచ్చు. ఒక ఊరివాళ్లు సొంతంగా పెట్టుకోగలిగింది కాదు, ఏదైనా సంస్థ వెనక ఉండాలి. ఇక లైవ్ పెట్టడం. సొంత కథలకి లైవ్ వద్దే వద్దు. నోరు జారిన మాటని ఆపే అవకాశమే ఉండదు.

## మీ దగ్గర ఎవరున్నారు?

ఇంట్లో డెబ్బై, ఎనభై ఏళ్లవాళ్లు ఉంటే ఈ గైడు మిగతాది తర్వాత చదువుకోవచ్చు, ఫోన్ రికార్డర్ ఆన్ చేయండి. విదేశాల్లో ఉన్నవాళ్లు సెలవులకి వచ్చినప్పుడు మనవళ్ల చేతే ప్రశ్నలు అడిగించండి. వాళ్ల తెలుగు తడబడినా ఫర్వాలేదు, తాతయ్య ఇంకొంచెం విడమరిచి చెబుతారు, అది రికార్డింగుకీ మంచిదే. ఫోటోలు, ఎడిటింగ్ వచ్చే ఏడాదైనా చేసుకోవచ్చు.

ఆదిలాబాద్‌లో గోండి, కొలామి మాట్లాడేవాళ్లు, గోదావరి ఏజెన్సీలో కోయవాళ్లు ఉన్నచోట కూడా ఆడియోనే. ఆ భాషల్లో రాసేవాళ్లు తక్కువ, అందుకని రాయబోతే చాలాసార్లు తెలుగులోకి మార్చాల్సి వస్తుంది, మార్చగానే సగం పోతుంది. వాళ్ల భాషలోనే చెప్పనిచ్చి, తెలుగు అర్థం వేరే కాగితంలో పెట్టుకోండి.

పొదుపు సంఘం, బస్తీ మహిళలు, వలస కుటుంబాలు అయితే ఫోటోలు, గొంతు. హైస్కూలు, ఇంటర్ పిల్లలకి కూడా ఇదే బాగా నచ్చుతుంది. ఫోన్ పని వాళ్లకి ముందే వచ్చు, నేర్పాల్సింది వినడం. అయితే పిల్లల విషయంలో తల్లిదండ్రుల ఒప్పుదల రాతపూర్వకంగా తీసుకోండి, బయట పెట్టేముందు స్కూలు యూనిఫాం, బోర్డు కనపడకుండా చూడండి.

చేనేత, కుమ్మరి, బుర్రకథ కళాకారులు, వంటలు, పొలం పనులు ఉంటే వీడియోకి సిద్ధపడండి, కానీ ఎడిటింగ్ వచ్చినవాళ్లు కనీసం ఇద్దరైనా ఉన్నారని తేలాకే మొదలుపెట్టండి.

హింస చూసినవాళ్లు, జబ్బు దాచుకుంటున్నవాళ్లు, కేసు నడుస్తున్నవాళ్లు చెబుతామని ముందుకొస్తే పేరు మార్చిన రాత, లేదా ఇంకొకరి గొంతుతో చదివించిన ఆడియో. ఇక్కడ చట్టం కూడా ఉంది. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం లైంగిక దాడికి గురైనవాళ్లు ఎవరో తెలిసిపోయేలా ఏదీ ప్రచురించకూడదు, బాధితురాలు తానే రాతపూర్వకంగా ఒప్పుకోవడం లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇంకా గట్టిగా ఉంటుంది. పేరు, ఫోటో మాత్రమే కాదు, ఇల్లు, బడి, కుటుంబం వివరాలు కూడా రాకూడదు. ఊరు పేరు చెప్పి "ఫలానా టైలర్ గారి అమ్మాయి" అన్నా తెలిసిపోయినట్టే. ఇలాంటి కథలు బయటికి రాకుండా, చెప్పిన మనిషి దగ్గరే ఉండిపోయినా పని జరిగినట్టే అని నా నమ్మకం.

## ఒప్పుదల, కాపీలు

ఏ పద్ధతి ఎంచుకున్నా రెండుసార్లు అడగండి. రికార్డు చేసేముందు ఒకసారి, తయారైంది చూపించాక ఇంకోసారి. రెండోసారి అడిగేది మీరు కాకుండా వేరేవాళ్లయితే మంచిది, ఎందుకంటే ఇంత కష్టపడి చేసినవాళ్ల ముఖం చూసి మనవాళ్లు 'వద్దు' అనలేరు. ఇంటివాళ్లకి మాత్రమే, సంఘంలో మాత్రమే, అందరికీ అని మూడు గడులు ఉన్న కాగితం పెట్టి ఏది ఇష్టమో టిక్కు పెట్టించండి, చదువు రానివాళ్ల దగ్గర అదే మాట గొంతుతో రికార్డు చేసుకోండి. నెల రోజులు ఆగి బయట పెట్టండి, ఈలోపు మనసు మార్చుకునే వీలుంటుంది.

మొదటి కాపీ కథ చెప్పినవాళ్లది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్ డ్రైవ్‌లో వేసి ఇంటికి ఇవ్వండి. ఇంకో కాపీ సంఘం హార్డ్ డిస్కులో, మూడోది వేరే ఊళ్లో ఉన్న ఎవరి దగ్గరైనా. ఫోన్ పెట్టిన అంకెల పేరు వదిలేయకుండా ఫైలుకి ఊరు, సంవత్సరం, విషయం పెట్టండి, ఎవరి కథో తెలిపే పట్టిక విడిగా దాచండి. ఏడాదికి ఒకసారి, సంక్రాంతికో ఉగాదికో, ఆ ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసే బాధ్యత ఒకరికి అప్పగించండి. కథ చెప్పినవాళ్లకి ఫోన్ చేసి, ఇంకా అలాగే ఉంచమంటారా తీసేయమంటారా అని అదే రోజు అడగమనండి.